జెముడు పాలు

ఎనిమిదిన్నరకల్లా డాక్టరమ్మ వస్తుందని సిస్టర్ చెప్పి వెళ్లింది, గోడ గడియారంలో ఇంకా ఎనిమిది కాలేదు, చూసినప్పుడల్లా పెద్ద ముల్లు అక్కడే ఉంటోంది, చూడకుండా ఉందామంటే ఈ వరండాలో చూడటానికి ఇంకేముంది, ఎదురుగా వరసగా కళ్లు, పట్టీ వేసిన కళ్లు, నల్లద్దాల కళ్లు, గాజుగోళీలా తెల్లబడిపోయిన ఒక ముసలాయన కన్ను, వద్దు, అటు చూడకూడదు. కావ్య బుచ్చమ్మ ఒళ్లో ఉంది. నా ఒళ్లో కాదు. నాలుగేళ్ల పిల్ల, రెండు కళ్ల మీదా దూది, దూది మీద పట్టీ, పట్టీ కదలకుండా చెవుల దాకా అంటించిన ప్లాస్టరు, మొన్న సోమవారం నుంచి ఏమీ చూడలేదు, అయినా కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది, ఒక చెప్పు కింద పడిపోయింది, ఆ సంగతి దానికి తెలియదు. బుచ్చమ్మ మా ఇంటి ఓనరు, మాదాపూర్ ఊళ్లో ఆమె ఇంటి పైపోర్షన్‌లో మేం ఉంటాం, ఆమెకీ మాకూ ఏ చుట్టరికమూ లేదు, అయినా మూడు రోజులుగా పిల్లకి అన్నం ఆమే పెడుతోంది, మూతి ఆమే తుడుస్తోంది, జడ కూడా ఆమే వేసింది ఈ పొద్దున, ఎందుకంటే నేను ముట్టుకోవడం లేదు. ముట్టుకోవడం లేదని ఎవరూ కనిపెట్టలేదనే అనుకుంటున్నాను. చెయ్యి ముందుకు పోతుంది, పిల్ల మొహానికి జానెడు దూరం దాకా పోతుంది, అక్కడ ఆగిపోతుంది, నా చెయ్యే కాదన్నట్టు, అప్పుడు ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోతాను. ఇప్పుడు కూడా రెండు చేతుల్నీ కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను.

"అవ్వా, రాత్రయిందా?" అని అడిగింది కావ్య.

"లేదు బిడ్డా, పొద్దుగాల్నే."

"మరి లైటెందుకు తీసేసిన్రు?"

"డాక్టరమ్మ ఒచ్చి ఏస్తదంట. జర ఓపిక వట్టు," అంది బుచ్చమ్మ, వంగి ఆ చెప్పు తీసి దాని కాలికి తొడిగింది. నాదీ మా ఆయనదీ కడప జిల్లా, ఇంట్లో మేం మాట్లాడే మాట వేరు, పిల్ల మాత్రం పగలంతా కిందే తిరిగి ఈ ఊరి మాట పట్టేసింది, వాళ్ల నాన్న విని నవ్వుతాడు, నవ్వేవాడు. ఏస్తదంట. ఎవరేస్తారు లైటు, ఎవరికి తెలుసు ఆ పట్టీ కింద ఏముందో. నిన్న డాక్టరమ్మ పట్టీ విప్పి చూసి, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, నిన్నటికంటే ఈ రోజు వాపు ఎక్కువుందండీ అంది, ఈ పాలతో అంతే, రెండో రోజు పెరుగుతుంది, రేపు చూస్తే గాని ఏమీ చెప్పలేం అంది. ఏమీ చెప్పలేం. ఆ మాట రాత్రంతా నా చెవిలోనే ఉంది. చెప్పలేం అంటే తెలియదనా, తెలిసీ చెప్పకూడదనా. నేనూ అంతేగా, నాకు తెలిసింది నేను చెప్పలేదు. వెంటనే కడిగారా అని ఆ డాక్టరమ్మ మొదటి రోజు అడిగితే, వెంటనే కడిగాం అన్నాను, ఆమె రాసుకుంది. పిల్లే ముట్టుకుందా చెట్టుని అని అడిగితే, అవునన్నాను. అదీ రాసుకుంది. ఆ కాగితం ఇప్పుడు ఫైల్లో ఉంది, ఫైలు ఆయన చేతిలో ఉంది, ఆయన కార్డు మీద ముద్ర వేయించడానికి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

చెట్టు అంటే ఏం చెట్టు, మూరెడు ఎత్తు దాటి నడుము దాకా వచ్చిన కుండీ మొక్క. జెముడు. చూసినవాళ్లంతా కాక్టస్ అంటారు, ఆయన ఆఫీసు వాళ్లు ఒకసారి ఇంటికొచ్చినప్పుడు కాక్టస్ భలే పెంచారండీ అన్నారు, నేను కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి, కాక్టస్ కాదండీ, యుఫోర్బియా, కాక్టస్‌ని గుచ్చితే నీళ్లొస్తాయి దీన్ని గుచ్చితే పాలొస్తాయి అన్నాను, అందరూ ఒక్క నిమిషం నా వంక చూశారు, ఆ చూపు కోసమే నేను ఆ మొక్కని పెంచానేమో. కడపలో బీఎస్సీ బాటనీ చదువుతున్నప్పుడు మా లెక్చరరు వెంకటనారాయణ సార్ డిపార్ట్‌మెంటు తోటలోంచి చిటికెనవేలంత ముక్క కోసిచ్చాడు, ఎమ్మెస్సీ సీటొస్తే చూపించుదువుగాని ఎంత పెరిగిందో అన్నాడు. సీటొచ్చింది, పెళ్లీ కుదిరింది, సీటుకి పోలేదు. ముక్క మాత్రం నాతో వచ్చింది, న్యూస్‌పేపర్లో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను, అమీర్‌పేటలో ఒక గది, మణికొండలో ఒక ఇల్లు, ఇప్పుడు మాదాపూర్, మూడిళ్లు మారింది, చస్తుందనుకున్న ప్రతిసారీ పక్కనుంచి ఒక కొమ్మ వేసింది. పదిహేను రోజులకోసారి నీళ్లు, చలికాలం నెలకోసారి, అదీ మట్టిలో వేలు రెండు కణుపులు దించి పొడిగా ఉంటేనే. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పాలి, లేకపోతే వెలుగువైపు వాలిపోతుంది. ఇక్కడ కొత్త రోడ్ల కోసం రోజూ మధ్యాహ్నం బండలు పేలుస్తారు, ముందు సైరను, తర్వాత గిన్నెలు అదిరే చప్పుడు, తర్వాత దుమ్ము, ఆ దుమ్మంతా దాని పలకల మీద పేరుకుంటే పాత టూత్‌బ్రష్షుతో ముళ్ల మధ్య మెల్లగా దులిపేదాన్ని. పిల్లకి కూడా అంత ఓపిగ్గా తల దువ్వలేదు. ఎందుకొచ్చిందిప్పుడు ఈ మాట. ఎందుకొచ్చిందంటే నిజం గనుక. మా బాల్కనీ లోంచి చూస్తే ఆయన ఆఫీసున్న అద్దాల భవనం కనిపిస్తుంది, దాని మీద పడిన ఎండ తిరిగొచ్చి సాయంత్రం నా మొక్క మీద పడుతుంది, అద్దాలోళ్ల ఎండ అనేది కావ్య. పాలచెట్టు అనేది దాన్ని. ఆ పేరు నేర్పింది నేనే. పాలిస్తుందమ్మా ఇది, ముట్టుకోకూడదు, ఆవు కాదు, కోపం చెట్టు అని కథలా చెప్పాను, పిల్లకి అందులో పాలు ఒక్కటే గుర్తుంది. పాలిచ్చేదానికి నీళ్లు తాగించాలి కదా. నాకు తెలియకుండా రోజూ తన చిన్న స్టీలు గ్లాసుతో నీళ్లు పోస్తూ వచ్చింది, ఎన్ని రోజులు పోసిందో, జూన్ వచ్చి గాలి చల్లబడింది, మట్టి ఆరలేదు, మొన్న సోమవారం పొద్దున చూస్తే ఒక కొమ్మ మొదట్లో గోధుమరంగు మచ్చ, వేలు పెడితే మెత్తగా దిగబడింది. కుళ్లు.

కుళ్లు కాండంలోకి దిగకముందే కోసెయ్యాలి. అన్నీ తెలుసు నాకు. కూరగాయల కత్తి కాల్చి, కుండీ ముందు పీట వేసుకుని కూర్చుని, కొమ్మని మచ్చకి పైన ఒకసారి, కింద ఒకసారి కోశాను, పాలు జివ్వున చిమ్మాయి, పాత గుడ్డతో ఒత్తి పట్టుకున్నాను, వేళ్లకి అంటాయి, గుడ్డకే తుడుచుకున్నాను. అప్పుడే కావ్య గ్లాసు పట్టుకుని వచ్చింది. నిండా నీళ్లు. నాకు అర్థమయింది. "నువ్వేనా? రోజూ పోస్తున్నావా దీనికి? ఎన్నిసార్లు చెప్పినా, ముట్టుకోవద్దని, ఎన్నో ఏండ్ల నుంచి పెంచుకుంటుంటే చంపేస్తివి కదే" అని అరిచాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది, గ్లాసు లాక్కుని విసిరేశాను. పిల్ల బిత్తరపోయింది, పెదవి వణికింది, ఏడుపు రావడానికి ముందు వచ్చే ఆ నిశ్శబ్దం, తర్వాత కళ్లనిండా నీళ్లు. నాకు జాలేసింది. వెంటనే జాలేసింది, అదే నా ఖర్మ, కోపం ఇంకాసేపు ఉండుంటే ఏమీ అయ్యేది కాదు. "సరేలే, ఏడవొద్దు, రా" అని దగ్గరికి లాక్కుని, ఈ బొటనవేళ్లతో, ఈ రెండు బొటనవేళ్లతో, దాని రెండు కళ్లూ తుడిచాను. జెముడు పాలు వేలి మీద ఆరిపోతే కనపడవు, జిగురుగా ఉంటాయంతే, వంటింట్లో పొద్దస్తమానం ఏదో ఒకటి జిగురుగానే ఉంటుంది.

మొదట ఏం కాలేదు. అది కూడా నేను ఎవరికీ చెప్పలేదు. కళ్లు తుడిపించుకుని పిల్ల లోపలికి పోయింది, నేను మళ్లీ మొక్క దగ్గర కూర్చున్నాను, రెండు నిమిషాలకు లోపల్నుంచి ఏడుపు మొదలయింది, అమ్మా అమ్మా అని. ఇందాకటి అరుపుకి ఇప్పుడు బదులు తీర్చుకుంటోంది అనుకున్నాను. గారాబం. చాల్లే నాటకాలు అన్నాను, తల తిప్పకుండా. కోసిన చోట బూడిద అద్దాలి, కాండం మీద పాలు కారడం ఆగేదాకా ఒత్తి పట్టాలి, మంచి భాగం ఒక ముక్క మిగిలింది, దాన్ని వారం ఆరబెట్టి నాటుకోవచ్చు, దాని కొసకి బూడిద అద్ది నీడన పెట్టాను, పెట్టి సరిగ్గా నిలబడలేదని మళ్లీ సర్దాను. ఏడుపు ఎక్కువయింది. వస్తున్నా ఆగు అన్నాను. ఎంతసేపు, అయిదు నిమిషాలా, రేడియోలో ఒక పాట అయిపోయి ఇంకో పాట కూడా అయిపోయింది, ప్రకటన వచ్చింది, పది నిమిషాలు. పది నిమిషాలు నా బిడ్డ కళ్లు కాలుతుంటే నేను కొమ్మకి బూడిద అద్దాను.

బుచ్చమ్మ మెట్లెక్కి రాకపోతే ఇంకెంతసేపయ్యేదో. "ఏందమ్మా గా పోరి గట్ల మొత్తుకుంటున్నది?" అంటూ వచ్చి, కావ్యని చూసింది, పిల్ల గుప్పిళ్లతో కళ్లు నలుపుకుంటూ నేల మీద దొర్లుతోంది, తర్వాత నా ముందున్న కొమ్మల్ని చూసింది, ఒక్క చూపులో అంతా అర్థమయిపోయింది ఆమెకి, పొలం గట్టు మీద బొంతజెముడు నరికిన మనిషి. "పాలు వడ్డయా కండ్లల్ల? నిలబడి సూస్తవేంది, నీళ్లు తే!" పిల్లని చంకలో ఇరికించుకుని డ్రమ్ము దగ్గరికి లాక్కెళ్లింది. మా వీధికి ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది, ఆ రోజు రాని రోజు, డ్రమ్ములో ఉన్నదే రెండు రోజులకూ, ఆ నీళ్లన్నీ చెంబు మీద చెంబు పోసింది, రెప్పలు వేళ్లతో విడదీసి పట్టి పోసింది, పిల్ల ఆమెని తన్నింది, కొరికింది, ఆమె వదల్లేదు, డ్రమ్ము అయిపోతే కిందికి పరిగెత్తి తన తాగేనీళ్ల బిందె తెచ్చింది, అదీ అయిపోతే దేవుడి దగ్గర పెట్టిన చెంబు తెచ్చింది. నేను ఏం చేశాను? నిలబడ్డాను. ముట్టుకోబోతే, "నీ చేతులు దూరం వెట్టు!" అని అరిచింది. దూరం పెట్టాను. ఇప్పటికీ దూరంగానే పెట్టాను.

ఎస్టీడీ బూతు నుంచి ఆయన ఆఫీసుకి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నారు మేడమ్ అంది ఒక అమ్మాయి, మాట ఎంత చల్లగా ఉంది, పిల్లకి కళ్లల్లో పాలు పడ్డాయని చెప్పండి అన్నాను, పాలా మేడమ్ అంది, అవును పాలు, ఏ పాలని చెప్పను. ఆటోలో బుచ్చమ్మ ఒళ్లోనే పిల్ల, తడిసిన కొంగుతో దాని మొహం మీద నీడ పట్టుకుంది, జూబ్లీహిల్స్ ఎక్కుతుంటే ఆటో మూలిగింది, అప్పుడే ఆమె ఆ మాట చెప్పింది, భయపెట్టాలని కాదు, నోట్లో నిలవక. "మా మరిది రాజయ్యకు గిట్లనే అయింది. గట్టు మీద జెముడు కొడుతుంటే పడ్డయి. పొద్దుమూకి ఇంటికొచ్చేదాక కడగలే." రాజయ్య. నాకు తెలుసు రాజయ్య. రోజూ గేటు పక్క అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తాడు, కుడికన్ను మీద తెల్లటి పొర, ఉడికిన కోడిగుడ్డులా, కావ్య ఆ కన్ను వైపు కూర్చోదు, ఎప్పుడూ ఎడమవైపే పోయి కూర్చుంటుంది. ఇదేమిటి తాతా అని అడిగితే ఆయన నవ్వాడు, నవ్వినప్పుడు ఆ కన్ను నవ్వలేదు. ఆయన పొద్దుమూకేదాకా కడగలేదు, నేను పది నిమిషాలు. పది నిమిషాలకి ఎంత పొర వస్తుంది. లెక్క ఉంటుందా దానికి. ఆయన మధ్యాహ్నం కడిగితే సగం కన్ను మిగిలేదా, గంటకే కడిగితే ముప్పాతికా, అలా వెనక్కి లెక్కేసుకుంటూ పోతే పది నిమిషాలకి ఎంత పోతుంది, చిన్న చుక్క, ఆ చుక్క ఎక్కడ పడుతుంది, మధ్యలో పడితే. ఎదురుగా ఆ ముసలాయన ఇటే చూస్తున్నాడు. చూడటం లేదు, ఆయనకి కనపడదు. పెళ్లిచూపుల్లో కావ్య తల వంచుకుని కూర్చుంది, ఎవరో తలెత్తమన్నారు, ఎత్తింది, ఛీ, ఏం ఆలోచన ఇది, నాలుగేళ్ల పిల్లకి పెళ్లిచూపులేమిటి, కానీ వస్తోంది, ఆపితే ఇంకోటి వస్తోంది, స్కూల్లో బోర్డు మీద అక్షరాలు, రోడ్డు దాటుతుంటే కుడివైపు నుంచి వచ్చే లారీ. ఎవరు చేశారమ్మా నీకిలా అని అడుగుతారు. చెట్టు పాలు పడ్డాయంటుంది. నేను నేర్పిన అబద్ధమే చెబుతుంది బతికినంతకాలం.

మా ఆయన వచ్చాడు. ఫైలు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు, గడ్డం పెరిగింది, రెండు రోజులుగా ఆఫీసుకి పోలేదు, అక్కడ ఈ నెలాఖరుకి ముగించాల్సిన పని ఉంది, రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకి ఏదో అవుతుందట, తారీఖుల్లో రెండంకెలున్నచోటల్లా నాలుగంకెలు చెయ్యాలట, ఏడాదిన్నరగా అదే పని. తారీఖులు, సమయాలు, అన్నీ సరిగ్గా ఉండాలి ఆయనకి. సోమవారం ఆసుపత్రికి పరిగెత్తుకుంటూ వచ్చి మొదట అడిగింది అదే, ఎంతసేపట్లో కడిగావు నాగవేణీ, సరిగ్గా ఎన్ని నిమిషాలు. వెంటనే అన్నాను. నమ్మాడు. గుండెల మీద చెయ్యేసుకుని, పోనీలే, వెంటనే కడిగావు, అదే మేలు అన్నాడు. ఆ నమ్మకం చూస్తేనే నాకు భయం.

"రాత్రి వాన పడింది కదా," అన్నాడు మెల్లగా. "నీ మొక్క తడుస్తుందని లోపల పెట్టినా. ఆరబెట్టిన ముక్క గూడా. ముట్టుకోలేదులే, పేపరు చుట్టి పట్టుకున్నా."

రాత్రి ఉరుము వినపడగానే నాకు మొదట వచ్చిన ఆలోచన అదే, ముక్క తడుస్తుంది, కుళ్లిపోతుంది అని. పక్కగదిలో పిల్ల కట్టిన కళ్లతో పడుకుని ఉంది, నాకు ముక్క గుర్తొచ్చింది. లేవలేదు, దుప్పటి నోట్లో కుక్కుకుని పడుకున్నాను, తడవనీ, కుళ్లనీ అనుకున్నాను, అయినా చినుకు చప్పుడు వింటూనే ఉన్నాను ఎంత తడిసిందో అని. ఎలాంటి మనిషిని నేను. ఈయన లేచి వెళ్లి లోపల పెట్టాడు, నాకోసం. "పారెయ్యకపోతిరా" అన్నాను. "దాని తప్పేముంది," అన్నాడు, "పిల్ల తెలియక ముట్టుకునింది, నువ్వు మాత్రం ఏం చేస్తావ్." ఒక్కో మాటా ఎంత ఒద్దికగా చెప్పాడు. చెప్పెయ్యాలి. ఇప్పుడే. పట్టీ విప్పాక చెబితే ఎలా ఉంటుంది, కన్ను బాగుంటే చెప్పకపోయినా పర్లేదనిపిస్తుంది, బాగాలేకపోతే ఇక చెప్పలేను, ఏది జరిగినా ఇక నోరు రాదు. ముందే చెప్పాలి. ఏమీ తెలియనప్పుడే చెప్పాలి. పైగా డాక్టరమ్మ రాసుకున్నది తప్పు, ఆ తప్పు చూసుకుని మందు వేస్తోందేమో, పది నిమిషాలకి వెయ్యాల్సిన మందు వేరేమో, నా పరువుకోసం పిల్లకి తక్కువ మందు పడుతోందేమో. ఈ ఆలోచన ఇంతవరకూ ఎందుకు రాలేదు.

"కావ్యా, నాలుగేళ్లు," అని పిలిచింది సిస్టర్.

లోపల చీకటి గది, నల్లటి తెరలు, మధ్యలో గడ్డం ఆనించి చూసే యంత్రం. బుచ్చమ్మ పిల్లని ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. డాక్టరమ్మ గోదావరి జిల్లాల మనిషి, అందర్నీ అండీ అంటుంది, నాలుగేళ్ల పిల్లతో కూడా ఏమండీ కావ్యగారూ అంటుంది. ఫైలు తెరిచింది. "సోమవారం పదకొండు ప్రాంతంలో పడ్డాయి, వెంటనే కడిగారు," అని చదువుకుంటూ చేతులకి తొడుగులు వేసుకుంటోంది.

"వెంటనే కాదండీ," అన్నాను.

ఆమె తలెత్తింది.

"పది నిమిషాలయింది. ఏడుస్తుంటే గారాబం అనుకున్నా. అది చెట్టుని ముట్టుకోలేదు. నా చేతికి పాలున్నాయి. నేనే తుడిచినా, ఈ చేత్తో. రెండు కళ్లూ." ఇంకేదో చెప్పాలనుకున్నాను, రేడియో, బూడిద, కానీ అంతే వచ్చింది. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఆయన వైపు చూడలేదు, ఆయన చేతిలోని గొడుగు నేలకి తగిలిన చప్పుడు మాత్రం వినపడింది. ఫైలు మీద పెన్ను కదిలింది.

"మందులో మార్పేం ఉండదండీ," అంది డాక్టరమ్మ రాస్తూనే. "కానీ చెప్పారు, మంచిది. పది నిమిషాలంటే ఎంతకాలం చూడాలో నాకు తెలుస్తుంది. కడిగింది ఎవరు?"

"నేను," అంది బుచ్చమ్మ. ఆ తర్వాత ఆగి, పిల్ల జడ సవరిస్తూ, నా మొహం చూడకుండా అంది, "నేను గూడ ఇన్న నాగమ్మా. కింద పప్పుకు పోపు ఏసుకుంట ఇన్న. పోరి ఏడుస్తున్నది, తల్లి తిట్టినట్టున్నది, నాకెందుకులే అనుకున్న. పోపు మాడ్తదని పొయ్యికాడ్నే నిలబడ్డ. పొయ్యి దించినంకనే మెట్లెక్కిన." పిల్ల జడ కొసని వేలికి చుట్టుకుంది. "మూడ్రోజుల సంది నాక్కూడ నిద్రలేదు. నీకు చెప్పుటానికి మొకం సెల్లలే."

నేను ఆమెని చూశాను. మూడు రోజులు మేమిద్దరం ఒకే పిల్లకి చెరోవైపు కూర్చుని, ఒకరికొకరం చెప్పుకోకుండా, అవే నిమిషాల్ని లెక్కపెట్టుకున్నామన్నమాట. ఆమెకి నా మీద కోపం లేదు, నేనంటే ఆమెకే భయం. నాకు ఏడుపు రాలేదు, గోడవార ఉన్న మంచం అంచు మీద కూర్చున్నాను, ఆయన ఎప్పుడొచ్చాడో పక్కకి వచ్చి నిలబడ్డాడు, భుజం మీద చెయ్యి వెయ్యలేదు, కానీ వచ్చి నిలబడ్డాడు. తర్వాత ఎప్పుడో అడుగుతాడు. అడగాలి. అడగనీ.

ప్లాస్టరు ఊడదీస్తుంటే పిల్ల కెవ్వుమంది. దూది తీశారు. రెప్పలు ఉబ్బి, అంచులు అతుక్కుని, గోరువెచ్చటి నీళ్లతో తడిపి విడదీస్తే లోపల ఎర్రగా, రక్తంలా. డాక్టరమ్మ పసుపురంగు మందు చుక్క వేసి, గడ్డం ఆనించమంది, నీలంరంగు దీపం వెలిగింది, ఆ వెలుగులో నా కూతురి కన్ను పచ్చగా మెరిసింది, ఏదో లోతు నీళ్లలో రాయిలా. ఆమె చూస్తోంది. చూస్తూనే ఉంది. ఒక కన్ను అయిపోయి రెండోది. రెండోదాని దగ్గర ఎక్కువసేపు ఆగింది. ఎందుకాగింది. యంత్రాన్ని కొంచెం పక్కకి జరిపింది, మళ్లీ వెనక్కి తెచ్చింది. ఎవరి ఊపిరో వినపడుతోంది, నాదే. దేవుడి పేరు ఒక్కటీ గుర్తు రావడం లేదు, మైదుకూరులో మా అమ్మ రోజూ వెలిగించే దీపం, అది కూడా నీలంగా కనపడుతోంది, కుడికన్ను అది, రాజయ్యదీ కుడికన్నే, తెలుసు, అందుకే ఆగింది, చెప్పు, చెప్పెయ్యి తల్లీ, ఏదైనా చెప్పెయ్యి.

"ఎడమ కన్ను బాగుందండీ," అంది డాక్టరమ్మ, దీపం ఆర్పి. "నిన్నటి వాపు దిగింది. కుడి కన్ను మీద ఒక గాయం ఇంకా ఉంది. మధ్యలో కాదు, కింద, ముక్కు వైపు. వారం పది రోజుల్లో మానిపోవాలి. నూటికి తొంభై అయిదు మందికి మచ్చ కూడా ఉండదు. మిగతా అయిదు గురించి ఇప్పుడే నేను మాట ఇవ్వలేను. చుక్కలు మాత్రం ఒక్కపూట కూడా తప్పకూడదు. ఇవాళ్టి నుంచి పట్టీ అక్కర్లేదు."

అయిదు. వందలో అయిదు. భయం పోలేదు, పోతుందనుకున్నాను, పోలేదు, కానీ ఇంతసేపూ గదంతా నిండి ఉన్నది ఇప్పుడు ఒక చోట కూర్చుంది, కింద, ముక్కు వైపు, అంత చిన్న చోట. అంతమాత్రం దాన్ని పట్టుకుని బతకొచ్చు వారం పది రోజులు. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. బుచ్చమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"రెండు గంటలకోసారి వెయ్యాలి," అంది సిస్టర్ చిన్న సీసా ఒకటి పట్టుకుని. "ఇంటి దగ్గర ఎవరు వేస్తారు? వాళ్లకి ఇక్కడే నేర్పిస్తాను."

ఆయన నా వైపు చూశాడు, బుచ్చమ్మ కూడా. బుచ్చమ్మ చెయ్యి చాపబోయింది, సగంలో ఆపుకుంది.

"నేను," అన్నాను.

మూలన సింకు దగ్గర చేతులు కడుక్కున్నాను, సబ్బు రుద్ది, గోళ్ల సందుల్లో, వేళ్ల మధ్య, మణికట్ల దాకా, మళ్లీ సబ్బు, మళ్లీ, నురగ ఎంత కారినా నాకు ఆ జిగురు పోయినట్టు లేదు, ఉన్నట్టే ఉంది, వేలికి వేలు రుద్ది చూసుకుంటున్నాను, చాలమ్మా, తోలు ఊడొస్తుంది అంది సిస్టర్ వెనకనుంచి. తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకున్నాను. సీసా తీసుకున్నాను. కింది రెప్పని ఇలా కిందికి లాగాలి, లోపలి సందులో ఒక్క చుక్క, సీసా మూతి కంటికి తగలకూడదు. ఇలా. వేలు పెట్టాలి రెప్ప మీద. అదే వేలు. పిల్ల తల వెనక్కి వాల్చి ఉంది, కంటి మందు వల్ల దానికి ఇంకా అన్నీ మసగ్గానే కనపడుతున్నాయని చెప్పారు, నా వైపు తిరిగి కళ్లు చికిలించింది. నా చెయ్యి వెళ్లింది, జానెడు దూరంలో ఆగింది. నా వల్ల కాదు అనబోయాను.

"అమ్మా, నువ్వేనా?"

"నేనేమ్మా."

"మండుతదా?"

మండదు అని నోటిదాకా వచ్చింది. "మండుతుంది," అన్నాను. "కొంచెంసేపు. నేనిక్కడే ఉంటాను."

కావ్య గాల్లో తడుముకుని నా మణికట్టుని తన రెండు చేతులతోనూ పట్టుకుంది, పట్టుకుని దగ్గరికి లాక్కుంది, నా వేలు దాని చెంపకి తగిలింది, వెచ్చగా ఉంది చెంప, కుడికన్ను ఎంత తెరవగలదో అంతా తెరిచింది. చుక్క పడింది. రెప్ప ముడుచుకుంది, మొహమంతా ముడుచుకుంది, చిన్నగా మూలిగింది, నా మణికట్టుని మాత్రం వదల్లేదు.

"ఇగ ఇంగో కంట్ల ఎయ్యి," అంది.